ముట్లుడుగు నుంచి ‘గర్భసంచి తీయించుకోవడం’ దాకా: శ్రీకూర్మం ప్రాంతం నేపథ్యంగా ఒక అపోహ చరిత్ర

వ్యాససంగ్రహం:
రజోనివృత్తి గురించి గ్రామీణ స్త్రీలలో ఉన్న అపోహలను సాధారణంగా నిరక్షరాస్యతకో, మూఢాచారానికో ముడిపెడుతూ ఉంటారు. ఉత్తరాంధ్రలో బలంగా వినిపించే ఒక అపోహ, ‘పిల్లలు పుట్టాక గర్భసంచితో పనిలేదు, తీసేస్తే బాధ తీరుతుంది’ అన్నది, పాతకాలపు నమ్మకం కాదనీ, ఇరవయ్యో శతాబ్దపు వైద్య వ్యవస్థలోనే అది రూపుదిద్దుకొన్నదనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఇందుకు భాషాధారాలను, వైద్య చరిత్రను, జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఫలితాలను, శ్రీకూర్మం పరిసరాల్లో వ్యాసకర్త్రి విన్న మాటలను ఆకరాలుగా తీసుకోవడమైంది.

కీలక పదాలు: ముట్లుడుగు, రజోనివృత్తి, గర్భాశయ శస్త్రచికిత్స, గృహలక్ష్మి, కుటుంబ నియంత్రణ, ఉత్తరాంధ్ర.

1. ప్రవేశిక

శ్రీకాకుళం జిల్లా గార మండలంలోని శ్రీకూర్మం, విష్ణువు కూర్మరూపంలో కొలువైన క్షేత్రంగా ప్రసిద్ధం. ఆలయ మండప స్తంభాల మీది శాసనాలు తూర్పుగాంగుల కాలపు భాషకూ సమాజానికీ అమూల్యమైన ఆధారాలు. అఖండదీపాలకు గోవులనో మాడలనో సమర్పించిన దాతలలో స్త్రీలు కూడా ఉన్నారు. ఆమె ఎవరి భార్యో, ఎవరి తల్లో, ఏ పుణ్యం కోరి దీపం పెట్టిందో శాసనం చెబుతుంది. ఆ దీపం పెట్టేనాటికి ఆమె దేహం ఏ దశలో ఉందో చెప్పదు. శాసనం పని అది కాదు కనుక ఆ మౌనంలో వింత లేదు. అయితే ఆ తర్వాత ఏడెనిమిది శతాబ్దాల తెలుగు రచన కూడా ఈ విషయంలో దాదాపు శాసనంలాగానే ఉండిపోవడం ఆలోచించదగినది.

ఈ వ్యాసానికి ప్రేరణ ఒక సంభాషణ. శ్రీకూర్మానికి దగ్గరి పల్లెలో ఉండే మా పిన్నికి 2021లో నలభై ఎనిమిదేళ్ళు. గడప దగ్గర జారి చేయి ఆనించినంత మాత్రానికే మణికట్టు విరిగింది. కట్టు కట్టించుకొని వచ్చాక, “ముట్లుడిగి ఎన్నాళ్ళయింది పిన్నీ?” అని అడిగాను. ఆమె నవ్వింది. “గర్భసంచే నేదు కదమ్మా, ఇంక ముట్లుడగడం ఏటి?” అన్నది. 2004లో, ముప్ఫై ఒకటో ఏట, ఆమె గర్భసంచి తీయించుకొన్నది. ఆ ప్రశ్నలోని తర్కం మొదట నన్ను తికమకపెట్టింది. తర్వాత దాని వెనుక ఉన్న చరిత్రను వెతకాలనిపించింది.

2. మొదలుకు మాటలెన్నో

ఆడపిల్ల ఋతుచక్రం ఆరంభానికి తెలుగులో పదసంపద అపారం. రజస్వల, పుష్పవతి, సమర్త, ఈడేరడం, పెద్దమనిషి కావడం, వ్యక్తురాలు కావడం: ఒక్కొక్క మాటకూ ఒక్కొక్క సామాజిక స్థాయి, ఒక్కొక్క వేడుక. చిమ్మిలి, పసుపు, పీట, పాట అన్నీ దానితో వస్తాయి. అది ముగియడానికి మాత్రం వ్యవహారంలో నిలిచిన దేశ్యపదం ముట్లుడుగు ఒక్కటే. వేడుక లేదు, పాట లేదు. ‘రజోనివృత్తి’, ‘ఋతువిరతి’ పాఠ్యపుస్తకాల కోసం, పత్రికల కోసం వాడుకలోకి వచ్చిన సంస్కృత సమాసాలు. మా పిన్ని వాటిని ఎన్నడూ పలికి ఉండదు.

అయినా ఆ ఒక్క మాటా మంచి మాట. ఉడుగు అంటే తగ్గు, శమించు, సద్దుమణుగు. గాలి ఉడుగుతుంది, కోపం ఉడుగుతుంది. చెడిపోవడం, విఫలం కావడం అన్న అర్థచ్ఛాయ ఇందులో లేదు. సుశ్రుత సంహిత శారీరస్థానం కూడా పన్నెండో ఏడు దాటాక మొదలయ్యే రజస్సు, ముదిమితో దేహం పక్వమైన యాభయ్యో ఏటికి క్షయిస్తుందని చెబుతుంది. దాన్ని వ్యాధుల జాబితాలో చేర్చదు. పండడమనే భావనే అక్కడ ప్రధానం.

ఐరోపా వైద్యం దారి వేరు. ఫ్రెంచి వైద్యుడు గార్డాన్ 1816లో ఒక పదం కల్పించి, 1821లో దాన్ని ‘మెనోపాజ్’గా సవరించాడు. 1857లో లండన్ వైద్యుడు ఎడ్వర్డ్ టిల్ట్ ఈ దశ మీద ఒక పూర్తి గ్రంథమే రాశాడు. బయటికి పోవలసిన రక్తం లోపలే నిలిచిపోయి జబ్బులు తెస్తుందన్న భయంతో జలగలు పట్టించడం, రక్తం తీయడం ఆ కాలపు చికిత్సలలో ఉండేవి. ‘ముట్టాగిపోతే చెడురక్తం ఒంట్లో చేరుతుంది, అందుకే లావెక్కుతారు’ అని మన పల్లెల్లో వినిపించే మాటను వెనుకబాటుతనానికి గుర్తుగా ఎత్తిచూపేవారు, అదే మాట పట్టణ వైద్యుని గ్రంథంలో ఎంత గౌరవంగా బతికిందో కూడా గుర్తుంచుకోవాలి. చెడురక్తమనేది లేదు. నెలసరిలో వెలువడేది గర్భాశయపు లోపలిపొర, దానితోపాటు వచ్చే మామూలు రక్తం. పొర పెరగనప్పుడు చేరడానికి అక్కడ ఏమీ ఉండదు.

సంస్కరణోద్యమం కూడా ఈ విషయంలో ఒక పక్షమే చూసింది. 1891 నాటి సమ్మతి వయసు చట్టం, 1929 నాటి శారదా చట్టం చుట్టూ జరిగిన వాదోపవాదాలన్నీ స్త్రీ సంతానయోగ్యదశ ఆరంభం గురించినవే. విజయనగరం మహారాజు విశాఖపట్టణ మండలంలోని శుల్క వివాహాల లెక్క తీయించగా మూడేళ్ళలో 1034 తేలినట్లు గురజాడ కన్యాశుల్కం తొలికూర్పు పీఠికలో పేర్కొన్నారు. పసిపిల్ల వయసు అంకెగా మారి చర్చకు రావడం చిన్న విషయం కాదు. ఆ పసిపిల్లే నలభై ఐదేళ్ళకు చేరినప్పుడు ఆమెకేమైందన్న ప్రశ్నకు పీఠిక రాసినవారు లేరు. (నాటకంలో ఆ వయసు స్త్రీలు ఉన్నారు. వారి దేహాలు హాస్యానికి పనికివచ్చాయి కానీ విచారణకు రాలేదు.)

3. ఘోషాసుపత్రి, లోధ్ర

స్త్రీల కోసం ప్రత్యేక వైద్యశాలలు మద్రాసు రాష్ట్రంలో పందొమ్మిదో శతాబ్దం చివర వచ్చాయి. 1885లో మద్రాసులో మేరీ షార్లీబ్ కృషితో ఘోషా స్త్రీల ఆసుపత్రి మొదలైంది. విశాఖపట్టణంలోనూ విజయనగరంలోనూ ఘోషాసుపత్రి అన్న పేరు నేటికీ ప్రజల నోట ఉంది. ఈ సంస్థలు వేలాది ప్రాణాలు కాపాడాయి. అయితే అవి ప్రసూతి చుట్టూ కట్టిన సంస్థలు. కాన్పుల దశ దాటిన స్త్రీకి అక్కడ ప్రత్యేకమైన విభాగం లేదు, రిజిస్టరు లేదు. ఈ లోపం భవనానిది కాదు, దృష్టిది. నేటి ఆశా కార్యకర్త దస్త్రంలో గర్భం, కాన్పు, టీకా, కుటుంబ నియంత్రణలకున్న ప్రాధాన్యం చూస్తే ఆ దృష్టి ఎంతగా కొనసాగుతున్నదో తెలుస్తుంది.

ఖాళీగా ఉన్న చోటును మార్కెట్ నింపుతుంది. తెలుగునాట ఆ పని చేసినవారిలో ప్రముఖుడు డాక్టర్ కె.ఎన్.కేసరి. మద్రాసులో ఆయన స్థాపించిన కేసరి కుటీరం తయారుచేసిన ‘లోధ్ర’ స్త్రీల గర్భాశయ సంబంధమైన బాధలకు మందుగా తెలుగు ఇళ్ళలో పేరు పొందింది. లొద్దుగ చెట్టు బెరడును ఆయుర్వేదం రక్తస్రావాన్ని అరికట్టే ద్రవ్యంగా ఎప్పటినుంచో వాడుతున్నది. 1928లో కేసరి ‘గృహలక్ష్మి’ పత్రికను ప్రారంభించారు. స్వర్ణకంకణంతో రచయిత్రులను సత్కరించిన పత్రిక అది. 1934లో తొలి కంకణం కనుపర్తి వరలక్ష్మమ్మ గారిది. సాహిత్య చరిత్రకారులు ఈ కంకణం గురించి చాలా రాశారు. కంకణానికి బంగారం ఎక్కడినుంచి వచ్చిందో తక్కువగా రాశారు. స్త్రీల బాధ మీద నడిచిన ఒక మందుల వ్యాపారం స్త్రీల రచనకు వేదికైంది. ఇందులో వ్యంగ్యం వెదకడం నా ఉద్దేశం కాదు. కేసరి సేవ నిజమైనది. నేను గమనించదలచింది వేరు: నీరసం, నడుము నొప్పి, చిరాకు, తెల్లబట్ట వంటి వేర్వేరు బాధలకు గర్భాశయమే మూలమన్న భావన ఇటువంటి మందుల ద్వారా ఇంటింటికీ చేరింది. ఇంకా కత్తి రాలేదు. కత్తి పెట్టవలసిన చోటు మాత్రం గుర్తించబడింది.

4. ‘ఆపరేషన్ అయిందా?’

తెలుగులో ‘ఆమెకు ఆపరేషన్ అయింది’ అంటే ఏ అవయవానికి అని ఎవరూ అడగరు. విశేషణం లేని ఆపరేషన్ ట్యూబెక్టమీయే. ఒక భాషలో ఒక సామాన్యనామం ఇలా ఒకే అర్థానికి కుదించుకుపోవడానికి ఎంత వ్యాప్తి కావాలో ఊహించవచ్చు. అత్యవసర పరిస్థితి కాలంలో మగవారి వేసెక్టమీల చుట్టూ రేగిన ఆగ్రహం తర్వాత కుటుంబ నియంత్రణ భారం దాదాపు పూర్తిగా స్త్రీల మీదికి మారింది. 2019-21 నాటి ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో వివాహిత స్త్రీలలో 69.6 శాతం మంది ఈ శస్త్రచికిత్స చేయించుకొన్నవారే. దేశంలో ఇంత శాతం మరే రాష్ట్రంలోనూ లేదు. ఎక్కువమందికి ఇది పాతికేళ్ళలోపే జరుగుతున్నది.

దీనివల్ల జరిగిన మేలును తక్కువ చేయనవసరం లేదు. తరచు కాన్పుల నుంచి, వాటితో వచ్చే మరణాల నుంచి ఒక తరం బయటపడింది. కానీ ఈ కార్యక్రమం నేర్పిన పాఠం ఒకటుంది. ఇద్దరు బిడ్డలు పుట్టాక స్త్రీ శరీరంలోని ఆ భాగం పని పూర్తయిందని ప్రభుత్వమే ప్రకటించింది. పాతికేళ్ళకు పని పూర్తయిన అవయవం, ఆ తర్వాత ఇరవై ఏళ్ళపాటు నెలనెలా నొప్పి పెడుతూ, రక్తం పోగొడుతూ, నాట్ల రోజుల్లో కూలి పోగొడుతూ ఉంటే దాన్ని ఎందుకు ఉంచుకోవాలన్న ప్రశ్న సహజంగానే పుడుతుంది. ‘సంచి’ అన్న మాట కూడా ఇక్కడ సాయం చేసింది. సంచిలోని సరుకు అయిపోయాక సంచితో పనేముంది?

ఈ భావాన్ని మొదటినుంచీ ప్రశ్నించినవారు లేకపోలేదు. స్త్రీశక్తి సంఘటన కృషితో హైదరాబాదు బుక్ ట్రస్ట్ ప్రచురించిన ‘సవాలక్ష సందేహాలు’ స్త్రీ దేహాన్ని స్త్రీకి తెలుగులో వివరించిన తొలి సమగ్ర ప్రయత్నాలలో ముఖ్యమైనది. మన తెలుగు శాఖల్లో స్త్రీవాద కవిత్వం మీద వచ్చినన్ని సిద్ధాంత వ్యాసాలు ఈ పుస్తకం మీద ఎందుకు రాలేదో నాకు అర్థం కాదు.

5. ఒక రాష్ట్రం, ఒక అంకె

2015-16 నాటి నాలుగవ సర్వే మొదటిసారిగా గర్భాశయ శస్త్రచికిత్స గురించి స్త్రీలను వివరంగా అడిగింది. పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ళ వయసు స్త్రీలలో దేశ సగటు 3.2 శాతం కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం అని తేలింది. ఐదవ సర్వేలోనూ ఈ రెండు రాష్ట్రాలే ముందున్నాయి: ఆంధ్రలో 8.7, తెలంగాణలో 8.2. దేశం మొత్తం మీద మూడింట రెండు వంతులు ప్రైవేటు ఆసుపత్రుల్లో జరిగినవే. సగానికి పైగా స్త్రీలు చెప్పిన కారణం అధిక రక్తస్రావం, నొప్పి. శస్త్రచికిత్స నాటి మధ్యస్థ వయసు సుమారు ముప్ఫై నాలుగేళ్ళు. భారతీయ స్త్రీలకు సహజంగా ముట్లుడిగే సగటు వయసు నలభై ఆరు, నలభై ఏడు. ఈ రెండు అంకెల మధ్య ఉన్న పన్నెండేళ్ళే ఈ వ్యాస విషయం.

ఇది సర్వేతో హఠాత్తుగా బయటపడిన సంగతి కాదు. లైఫ్ హెల్త్ రీఇన్‌ఫోర్స్‌మెంట్ గ్రూప్ తరఫున కామేశ్వరి, ప్రకాశ్ వింజమూరి 2009లోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చిన్న వయసు స్త్రీలకు జరుగుతున్న ఈ శస్త్రచికిత్సలను వైద్యనీతి ప్రశ్నగా ముందుకు తెచ్చారు. అంతకు ముందే 2005లో శ్యామల, శివకామి జాతీయ సర్వే లెక్కల ఆధారంగా అకాల రజోనివృత్తిని చర్చించినప్పుడు ఆంధ్రప్రదేశ్ పేరు ముందు వరుసలో ఉంది.

చాలామంది దీన్ని ఆరోగ్యశ్రీ తెచ్చిన చేటుగా చెబుతారు. ఆ పథకం 2007 ఏప్రిల్ 1న ప్రయోగాత్మకంగా మొదలైన మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. మహబూబ్‌నగర్, అనంతపురం మిగిలినవి. పథకం కింద అనవసరంగా గర్భసంచులు తీస్తున్నారన్న విమర్శ వచ్చిందీ, ప్రభుత్వం ఆంక్షలు పెట్టవలసి వచ్చిందీ నిజమే. కానీ మా పిన్ని శస్త్రచికిత్స 2004 నాటిది. ఆ ఖర్చు వడ్డీకి తెచ్చిన అప్పు. పథకం రాకముందే గిరాకీ సిద్ధంగా ఉంది, దాన్ని తీర్చే ఆసుపత్రి సిద్ధంగా ఉంది. పథకం ఆ దారిని వెడల్పు చేసి ఉండవచ్చు, వేసింది మాత్రం అది కాదు.

గిరాకీని పెంచిన మాట ఒకటుంది: ‘ఉంచితే క్యాన్సర్ అవుతుంది’. తెల్లబట్టకు, గర్భాశయ ముఖం మీది మామూలు పుండుకు కూడా ఈ మాట అంటుకొన్నది. ఈ మాట పల్లెలో పుట్టలేదు. స్కానింగు కాగితం చూపిస్తూ చెప్పిన మాట ఇది. గర్భాశయ ముఖ క్యాన్సర్‌ను తొలిదశలోనే పట్టడానికి చవకైన పరీక్షలు ఉన్నాయి. అధిక రక్తస్రావానికి మాత్రలు, గర్భాశయంలో అమర్చే హార్మోన్ లూప్ ఉన్నాయి. గర్భాశయాన్ని తొలగించవలసిన సందర్భాలూ నిస్సందేహంగా ఉన్నాయి: క్యాన్సర్, పెద్ద గడ్డలు, ఏ మందుకూ లొంగని రక్తస్రావం, గర్భాశయం జారడం. ఇది చివరి మెట్టు కావలసి ఉండగా మొదటి మెట్టు కావడమే సమస్య. దీనికి విరుద్ధమైన అపోహ కూడా అంతే ప్రమాదకరం. ‘ముట్లుడిగే ముందు ఇలాగే పోతుంది’ అని నెలల తరబడి అధిక రక్తస్రావాన్ని భరించేవారున్నారు. పన్నెండు నెలలు నెలసరి రాకుండా ఉన్నాక మళ్ళీ ఎరుపు కనిపిస్తే అది ఎంత కొంచెమైనా వైద్యపరీక్ష చేయించవలసిందే.

6. పీడ వదలడం

ఇంతవరకు చెప్పినదాంట్లో స్త్రీ కేవలం మోసపోయిన వ్యక్తిగా కనిపించే ప్రమాదముంది. మా పిన్ని తాను మోసపోయానని అనుకోదు. “పీడ ఒదిలిపోనాది. మైలా నేదు, మూల కూకోడమూ నేదు. డోలోత్సవానికి ఎప్పుడూ ఆగిపోనేదు” అంటుంది. శ్రీకూర్మంలో హోలీ వేళ మూడు రోజులు జరిగే డోలోత్సవానికి తిథి ఉంటుంది కానీ స్త్రీ దేహానికి తిథులతో పని ఉండదు. పెళ్ళి వంటకు, వ్రతానికి, ఇంట్లో మాల వేసుకొన్న మగవారికి భిక్ష వండడానికి నెలలో నాలుగు రోజులు అడ్డు. ఆ అడ్డు శాశ్వతంగా తొలగడమంటే ఆమె లెక్కలో లాభమే.

ఈ లాభాన్ని పరిశోధకులు గుర్తించక పోలేదు. మార్షా ఫ్లింట్ 1975లో రాజస్థాన్ ప్రాంతపు రాజపుత్ర స్త్రీల గురించి రాస్తూ, ముట్లుడిగిన తర్వాత పరదా నుంచి, నిషేధాల నుంచి వారికి విముక్తి దొరుకుతుంది కనుక ఈ దశను వారు శిక్షగా కాక బహుమతిగా చూస్తున్నారని ప్రతిపాదించారు. ఆ వ్యాసం మంచి చర్చను లేవనెత్తింది. కానీ దాన్ని ఆసరా చేసుకొని మన స్త్రీలకు ఆవిర్లు, నిద్రలేమి, గుబులు ఉండవని అనుకోవడం మరో అపోహ. ఉంటాయి. వాటిని ‘వేడి చేసింది’ అనో, ‘నరాల బలహీనత’ అనో చెప్పుకొంటారు. ఫ్లింట్ చెప్పిన బహుమతి నలభై ఏడో ఏట వస్తే బహుమతి. ముప్ఫై ఒకటో ఏట దాన్ని కొనుక్కోవలసి వచ్చినప్పుడు దాని ధర వేరుగా ఉంటుంది. అంటు నియమం సడలించి ఉంటే ఎన్ని శస్త్రచికిత్సలు తగ్గేవో ఎవరూ లెక్కించలేదు కానీ, అది లెక్కించదగిన విషయమేనని నా అభిప్రాయం.

ధర విషయం స్పష్టంగా చెప్పాలి. నెలసరి కనిపించే చోటు గర్భాశయం. దాన్ని నడిపే హార్మోన్లు తయారయ్యేది అండాశయాలలో. గర్భాశయం మాత్రమే తీసి అండాశయాలను ఉంచితే నెలసరి ఆగుతుంది, రజోనివృత్తి రాదు. కొన్నేళ్ళ తర్వాత, కొందరిలో మామూలు కన్నా ముందుగా, అది చప్పుడు లేకుండా వస్తుంది. ఆ స్త్రీకి గుర్తుపట్టే ఆనవాలు ఉండదు. అండాశయాలను కూడా తీస్తే రజోనివృత్తి ఆ రాత్రే మొదలవుతుంది. పదేళ్ళలో మెల్లగా ఉడగవలసినది ఒక్క పూటలో తెగుతుంది. ఎముకలు ముందే గుల్లబారతాయి, గుండెజబ్బు ముప్పు పెరుగుతుంది. ఇలాంటి చిన్న వయసు వారికి, వేరే అభ్యంతరాలు లేకపోతే, సహజ రజోనివృత్తి వయసు వచ్చేదాకా హార్మోన్లు ఇవ్వడం వైద్యశాస్త్రం అంగీకరించిన పద్ధతి. కానీ 2002 జూలైలో అమెరికాలో 16,608 మంది స్త్రీలపై సాగుతున్న హార్మోన్ ప్రయోగాన్ని రొమ్ము క్యాన్సర్, గుండెజబ్బు భయంతో మధ్యలో ఆపివేసిన వార్త ప్రపంచమంతా పాకింది. వారి సగటు వయసు అరవై మూడు. ఆ భయం ముప్ఫై ఏళ్ళ స్త్రీకి వర్తిస్తుందా అని ఆగి ఆలోచించినవారు తక్కువ. రాబర్ట్ విల్సన్ 1966లో రజోనివృత్తిని హార్మోన్ లోపవ్యాధిగా చిత్రించి అందరికీ మందు కావాలన్నాడు. 2002 తర్వాత ఎవరికీ వద్దన్నారు. ఈ రెండు అతిశయోక్తుల నడుమ గార మండలంలోని స్త్రీకి అసలు ఎవరూ ఏమీ చెప్పలేదు.

7. కాగితం

రాజస్థాన్, బీహార్, ఛత్తీస్‌గఢ్‌లలో జరిగిన అనవసర శస్త్రచికిత్సలపై డాక్టర్ నరేంద్ర గుప్తా 2013లో వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్ 5న తీర్పు ఇచ్చింది. కేంద్ర ఆరోగ్యశాఖ 2022లో రూపొందించిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని రాష్ట్రాలను ఆదేశించింది. పర్యవేక్షక సంఘాలు, శస్త్రచికిత్సల ఆడిట్, రోగికి తెలిసేలా చెప్పి తీసుకొనే సమ్మతి అందులోని ముఖ్యాంశాలు. సమ్మతి పత్రం ఏ భాషలో ఉండాలన్నది మన శాఖలవారు పట్టించుకోదగిన ప్రశ్న. గర్భసంచి, అండాశయం, ముట్లుడుగు అన్న మూడు మాటల తేడాను ఒక్క పేజీలో ఉత్తరాంధ్ర వ్యవహారంలో రాయడం నాకు ఏ సిద్ధాంత గ్రంథం రాయడం కన్నా కష్టంగా తోచింది. రెండుసార్లు రాసి పిన్నికి చదివి వినిపించాను. మొదటిసారి ఆమెకు నిద్ర వచ్చింది.

రెండోసారి చదివాక ఆమె లేచి, ట్రంకుపెట్టెలో రేషన్ కార్డుతో పాటు దాచుకొన్న ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చింది. అందులో 2004 నాటి డిశ్చార్జి కాగితం. మడతల దగ్గర చిరిగింది. ఆసుపత్రి పేరు ఇక్కడ అనవసరం. చేసిన శస్త్రచికిత్స అన్న వరుసలో చేతిరాతతో ఆరు అక్షరాల ఇంగ్లీషు సంక్షిప్తం: టి.ఎ.హెచ్., దాని పక్కన కూడిక గుర్తు, బి.ఎస్.ఓ. మొదటిది గర్భాశయం తొలగింపు. రెండోది రెండు అండాశయాలూ, వాటి నాళాలూ తొలగించారని చెబుతుంది. పదిహేడేళ్ళుగా ఆ కాగితం ఆ ఇంట్లోనే ఉంది.

“ఏటి రాసుందమ్మా?” అని అడిగింది పిన్ని.